తాళం ఎవరి చేతిలో?

సర్వర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ చేతులు మారితే ఏమవుతుంది? హేగ్ కోర్టు నుంచి అమీర్‌పేట తరగతి గది దాకా అదే ప్రశ్న

నెదర్లాండ్స్ భూభాగంలో దాదాపు నాలుగో వంతు సముద్ర మట్టానికి దిగువన ఉంటుంది. నీళ్లు లోపలికి రాకుండా కట్టలు, గేట్లు కాపాడుకోవడం అక్కడి ప్రభుత్వానికి ప్రాణావసరం. ఆ పని చూసే ప్రధాన సంస్థ రైక్స్‌వాటర్‌స్టాట్. జాతీయ రహదారులు, జలమార్గాలు కూడా దాని పరిధిలోవే. రెండు శతాబ్దాలకు పైగా నీటితో పోరాడుతున్న ఈ సంస్థ 2025లో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఈసారి ప్రత్యర్థి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ.

గొడవ చూడటానికి చిన్నదే. రైక్స్‌వాటర్‌స్టాట్ తన సర్వర్లను ఏళ్ల తరబడి వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ మీద నడుపుతోంది. లైసెన్సులు శాశ్వతంగా కొనుక్కుంది. ఏటా విడిగా నిర్వహణ రుసుము కడుతూ అప్‌డేట్లు, సాంకేతిక సాయం పొందుతోంది. 2023 నవంబర్‌లో వీఎంవేర్‌ను కొనుగోలు చేసిన బ్రాడ్‌కామ్, ఇక శాశ్వత లైసెన్సులు లేవు, అందరూ చందా పద్ధతికి మారాల్సిందేనంది. దానివల్ల ఖర్చు 85 శాతం పెరుగుతుందని డచ్ సంస్థ వాదించింది. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోతాం, మారేదాకా పాత పద్ధతిలోనే అప్‌డేట్లు ఇవ్వమని అడిగింది. బ్రాడ్‌కామ్ కాదంది. 2025 జూన్‌లో హేగ్ జిల్లా కోర్టు డచ్ సంస్థ పక్షాన నిలిచింది. గరిష్ఠంగా రెండేళ్ల పాటు సాయం కొనసాగించాలని, లేదంటే రోజుకు 2.5 లక్షల యూరోల చొప్పున 2.5 కోట్ల యూరోల దాకా జరిమానా కట్టాలని ఆదేశించింది.

ఒక దేశపు వరద కట్టలను కాపాడే సంస్థ, సొంత డబ్బుతో కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌ను రెండేళ్లు వాడుకోవడానికి న్యాయమూర్తి సాయం కోరాల్సిన పరిస్థితి ఎలా వచ్చింది? ఆ సమాధానం కోసం పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఒకే ఇంట్లో పది పోర్షన్లు

1990ల చివరి దాకా కంపెనీల్లో ఒక పనికి ఒక సర్వర్ ఉండేది. జీతాల లెక్కకు ఒకటి, ఈమెయిల్‌కు ఒకటి, డేటాబేస్‌కు మరొకటి. వాటి సామర్థ్యంలో చాలా భాగం ఊరికే పడి ఉండేది. కరెంటు ఖర్చు, ఏసీ ఖర్చు మాత్రం పూర్తిగా పడేది. పెద్ద బంగళాలో ఒకే మనిషి కాపురముంటున్నట్టు అన్నమాట.

1998లో అమెరికాలోని పాలో ఆల్టోలో డయాన్ గ్రీన్, ఆమె భర్త, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మెండెల్ రోజెన్‌బ్లమ్, మరో ముగ్గురు కలిసి వీఎంవేర్ స్థాపించారు. ఆ బంగళాను పోర్షన్లుగా విడగొట్టడమే వారి వ్యాపారం. సర్వర్‌కు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మధ్య ఒక పలుచని సాఫ్ట్‌వేర్ పొర కూర్చుంటుంది. దాన్ని హైపర్‌వైజర్ అంటారు. అది ఒకే యంత్రాన్ని పది యంత్రాలుగా చూపిస్తుంది. ఒక్కో పోర్షన్‌లో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ కాపురం ఉంటుంది. పక్క పోర్షన్‌లో ఎవరున్నారో ఒకదానికి మరొకటి తెలియదు. 1999లో డెస్క్‌టాప్ మీద, 2001లో సర్వర్ల మీద ఈ సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2003లో మరో అద్భుతం చేశారు. నడుస్తున్న వర్చువల్ యంత్రాన్ని ఆపకుండానే ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలించే విద్య అది. సామాను కదలకుండా, వంట ఆగకుండా కుటుంబం ఇల్లు మారినట్టు.

డేటా సెంటర్ల నిర్వాహకులకు ఇది వరం. బ్యాంకులు, ఆసుపత్రులు, టెలికం సంస్థలు, ప్రభుత్వ శాఖలు ఒకదాని వెంట ఒకటి ఈ పొర మీదికి చేరాయి. యాజమాన్యం మాత్రం నిలకడగా లేదు. 2004లో ఈఎంసీ చేతికి వెళ్లింది. 2016లో ఈఎంసీని డెల్ కొనడంతో డెల్ గూటికి చేరింది. 2021లో విడిపోయింది. మరుసటి ఏడాదే 6,100 కోట్ల డాలర్లకు కొంటామని బ్రాడ్‌కామ్ ప్రకటించింది. ఇల్లు కట్టింది ఒకరు, గోడలు పెట్టింది మరొకరు, ఆ గోడల హక్కు కొనుక్కున్నది ఇంకొకరు. లోపల కాపురం ఉన్నవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

మందు ఉంది, చీటీ కావాలి

సాఫ్ట్‌వేర్‌లో అప్‌డేట్ అంటే కొత్త హంగులని చాలామంది అనుకుంటారు. హైపర్‌వైజర్ విషయంలో అది రోగ నిరోధక టీకా లాంటిది. ఒక పోర్షన్‌లోకి దొంగ చొరబడితే నష్టం ఒక్క కుటుంబానికే. గోడలన్నీ పట్టి నిలిపే పొరలోకే చొరబడితే ఇల్లంతా పోతుంది.

2023 ఫిబ్రవరిలో జరిగింది అదే. ఫ్రాన్స్‌తో మొదలై యూరప్, ఉత్తర అమెరికాల్లో వేలాది వీఎంవేర్ సర్వర్లు ఒక్కసారిగా తాళం పడిపోయాయి. డబ్బు కడితేనే తెరుస్తామని దుండగులు సందేశం పెట్టారు. నిపుణులు ఆరా తీస్తే తేలిందేమిటంటే, దాడికి వాడుకున్న లోపానికి కంపెనీ సరిగ్గా రెండేళ్ల కిందటే, 2021 ఫిబ్రవరిలో, మరమ్మతు విడుదల చేసింది. మందు ఉంది, వేసుకున్నవాళ్లు లేరు. అప్‌డేట్ చేయాలంటే సర్వర్‌ను కాసేపు ఆపాలి. ఆపితే సేవలు ఆగుతాయేమోనని భయం. పాత యంత్రాల మీద కొత్త వెర్షన్ నడవదని మరో అడ్డంకి. నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకన్న బద్ధకం అన్నిటికన్నా పెద్దది.

అప్పటి తప్పు వాడకందార్లదే. తర్వాత కథ మారింది. చందా పద్ధతి వచ్చాక, శాశ్వత లైసెన్సు ఉన్నా నిర్వహణ ఒప్పందం ముగిసినవారికి అప్‌డేట్లు అందని పరిస్థితి ఏర్పడింది. విమర్శలు వెల్లువెత్తడంతో 2024 ఏప్రిల్‌లో బ్రాడ్‌కామ్ కొంత దిగివచ్చింది. దుండగులు అప్పటికే వాడుకుంటున్న అతి ప్రమాదకర లోపాలకు మాత్రం, మద్దతు ఉన్న వెర్షన్లకు, మరమ్మతులు అందరికీ ఉచితంగా ఇస్తామంది. 2025 మార్చిలో అలాంటి లోపాలు మూడు బయటపడ్డాయి. వర్చువల్ యంత్రంలో పట్టు సాధించిన వ్యక్తి గోడ బద్దలుకొట్టి కింది పొరలోకి దిగడానికి దారిచ్చే లోపాలవి. ఆ తర్వాత నెలలో అప్‌డేట్లు దించుకునే పద్ధతి మారింది. ప్రతి ఖాతాదారుకూ విడిగా ఒక గుర్తింపు సంకేతం ఇచ్చారు. అది లేనిదే డౌన్‌లోడ్ కాదు. ఒప్పందం ముగిశాక విడుదలైన అప్‌డేట్లు ఎక్కించుకుని ఉంటే తొలగించమంటూ శాశ్వత లైసెన్సుదారులకు నోటీసులు వెళ్లిన సంగతి కూడా అదే ఏడాది బయటికొచ్చింది. ఏడో వెర్షన్‌కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 2తో ముగిసింది.

అంటే టీకా ఉంది, చీటీ ఉన్నవాడికే. వైద్యంలో ఈ పద్ధతిని సమాజం అంగీకరించదు. ఎందుకంటే ఒకరికి సోకిన రోగం ఒకరితో ఆగదు. ఆసుపత్రి సర్వర్ పడిపోతే నష్టపోయేది లైసెన్సు కట్టని యాజమాన్యం కాదు, వరుసలో నిలబడ్డ రోగి.

దూరం నుంచి తెరుచుకునే తలుపు

ఇదే సాంకేతికతకు మరో ముఖం రిమోట్ డెస్క్‌టాప్. కంప్యూటర్ ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటుంది. ఉద్యోగి ముందున్న తెర మీదికి దాని బొమ్మ మాత్రమే వస్తుంది. మీట నొక్కడం, మౌస్ కదపడం ఇటు నుంచి అటు వెళ్తాయి. డేటా గడప దాటదు. 1989లో పుట్టిన సిట్రిక్స్ ఈ రంగానికి ఆద్యుల్లో ఒకటి. మైక్రోసాఫ్ట్ 1998లో తన సర్వర్ వ్యవస్థలో దీనికి చోటిచ్చింది. వీఎంవేర్ హొరైజన్ పేరుతో పోటీకి దిగింది.

భారతీయ ఐటీ పరిశ్రమకు దీని విలువ 2020 మార్చిలో తెలిసొచ్చింది. లాక్‌డౌన్‌తో హైదరాబాద్, బెంగళూరు క్యాంపస్‌లు ఖాళీ అయ్యాయి. టెలికం శాఖ ఇంటి నుంచి పని మీద ఉన్న ఆంక్షలను హడావుడిగా సడలించింది. నవంబర్‌లో వాటిలో అత్యధిక భాగాన్ని ఎత్తేసింది. కాకినాడలోనో కరీంనగర్‌లోనో సొంతింటి వరండాలో కూర్చున్న ఇంజినీరు అమెరికా ఖాతాదారు డెస్క్‌టాప్ తెరిచి పని చేసుకోగలిగాడంటే ఆ పలుచని పొర చలవే. లక్షల ఉద్యోగాలు ఆ తలుపు గుండా నిలబడ్డాయి.

తలుపంటే లోపలికి రావడానికే. ఎవరు వస్తున్నారన్నదే ప్రశ్న. అమెరికాలో ఆసుపత్రుల బిల్లుల చెల్లింపులు చూసే ఛేంజ్ హెల్త్‌కేర్ సంస్థలోకి 2024 ఫిబ్రవరి 12న దుండగులు ప్రవేశించారు. దొంగిలించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సిట్రిక్స్ రిమోట్ పోర్టల్ గుండా దర్జాగా లోపలికి నడిచారు. పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో తనిఖీ ఆ పోర్టల్‌కు లేదు. తొమ్మిది రోజులు లోపలే తిరిగి, తర్వాత వ్యవస్థ మొత్తానికీ తాళం వేశారు. దేశమంతటా మందుల దుకాణాలు, ఆసుపత్రులు స్తంభించాయి. 2.2 కోట్ల డాలర్లు ముట్టజెప్పినట్టు మాతృసంస్థ అధిపతి ఆండ్రూ విట్టీ అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు. బయటపడ్డ వ్యక్తిగత సమాచారం 19 కోట్ల మందిది. సాఫ్ట్‌వేర్‌లో లోపం కాదది, గొళ్లెం పెట్టకపోవడం. మన పెద్దల మాట గుర్తొస్తుంది, తాళం వేసితిమి, గొళ్లెం మరిచితిమి.

తలుపు యజమానులూ మారుతూనే ఉన్నారు. సిట్రిక్స్‌ను 2022లో పెట్టుబడి సంస్థలు 1,650 కోట్ల డాలర్లకు కొన్నాయి. హొరైజన్‌ను బ్రాడ్‌కామ్ కేకేఆర్ అనే పెట్టుబడి సంస్థకు దాదాపు 400 కోట్ల డాలర్లకు అమ్మేయడంతో 2024 జులైలో అది ఓమ్నిసా అనే కొత్త కంపెనీగా బయటపడింది. సర్వర్‌కు ఒక యజమాని, డెస్క్‌టాప్‌కు మరొక యజమాని. ఇంతకుముందు ఒకే కౌంటర్ దగ్గర తేలిన సమస్యకు ఇప్పుడు రెండు గుమ్మాలు ఎక్కాలి.

అమీర్‌పేటలో అర్ధాయుష్షు

ఈ మార్పుల వేడి బోర్డు రూముల్లో కన్నా ముందు తగిలేది ఉద్యోగార్థికి. హైదరాబాద్‌లో మైత్రీవనం కూడలి, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గోడలు చూస్తే ప్రపంచ సాఫ్ట్‌వేర్ మార్కెట్ ఎటు పోతోందో తెలిసిపోతుంది. 1990ల చివర్లో మెయిన్‌ఫ్రేమ్, తర్వాత జావా, శాప్, టెస్టింగ్, ఆ తర్వాత క్లౌడ్. బోర్డు మారినప్పుడల్లా రెండు రాష్ట్రాల పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు కొత్త పాఠం మొదలెడతారు. వర్చువలైజేషన్ కూడా ఆ గోడల మీదికి ఎక్కింది. దాని వెంట వీసీపీ అనే మూడక్షరాల సర్టిఫికెట్ వచ్చింది.

వీఎంవేర్ సర్టిఫైడ్ ప్రొఫెషనల్ అన్నది చాలా కాలం పాటు డేటా సెంటర్ ఉద్యోగాలకు దాదాపు పాస్‌పోర్టు. పరీక్ష రుసుము 250 డాలర్లు. అసలు భారం అది కాదు. సర్టిఫికెట్ రావాలంటే కంపెనీ గుర్తించిన శిక్షణ తీసుకోవాలి, దానికి వేల డాలర్లు. అమీర్‌పేటలో తక్కువ ఫీజుకు ఎంత బాగా నేర్చుకున్నా ఆ షరతు తీరదు. పరీక్ష పాసైనా 2014లో మరో మెలిక పెట్టారు. రెండేళ్లకోసారి మళ్లీ నిరూపించుకోకపోతే సర్టిఫికెట్ చెల్లదన్నారు. 2019లో ఆ నిబంధన ఎత్తేశారు. తప్పనిసరి శిక్షణ షరతు 2024లో పోయింది. తలుపు తెరుచుకున్నట్టే కనిపించింది.

కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో, ఇంట్లో పాత కంప్యూటర్ మీద సాధన చేయడానికి వీలిచ్చే ఉచిత హైపర్‌వైజర్‌ను కంపెనీ ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో తిరిగి తెచ్చింది. మధ్యలో పద్నాలుగు నెలలు. కంపెనీ లెక్కల్లో అది చిన్న విధాన మార్పు. నేర్చుకునేవాడి లెక్కలో ఒక బ్యాచ్ కాలం. పాత ఉత్పత్తుల పేరిట ఉన్న సర్టిఫికెట్ల స్థానంలో కొత్త ప్యాకేజీల పేరిట కొత్తవి వచ్చాయి. డెస్క్‌టాప్ వైపు సర్టిఫికెట్ల వ్యవహారం ఓమ్నిసాకు బదిలీ అయింది. పదేళ్లు కష్టపడి సంపాదించిన అనుభవం మనిషిదే. దాని మీద ముద్ర మాత్రం కంపెనీది. ముద్ర మారితే అనుభవం కూడా పాతబడిపోయినట్టు కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ పట్టాకు గడువు తేదీ ఉండదు. కంపెనీ ఇచ్చే పట్టాకు ఉత్పత్తి ఆయుష్షే గడువు.

నాణేనికి మరో వైపు

బ్రాడ్‌కామ్ వాదన కూడా వినాలి. చందా పద్ధతి దాని ఆవిష్కరణ కాదు. ఫొటోషాప్ తయారుచేసే అడోబీ 2013లోనే ఆ దారి పట్టింది. వేల సంఖ్యలో ఉన్న ఉత్పత్తి కోడ్‌లను గుప్పెడు ప్యాకేజీలకు కుదించామని, పూర్తిస్థాయి ప్యాకేజీ ధరను ఏడాదికి ఒక్కో కోర్‌కు 700 డాలర్ల నుంచి 350కి తగ్గించామని కంపెనీ చెబుతోంది. అది నిజం. ప్యాకేజీలో ఉన్నవన్నీ వాడే పెద్ద సంస్థకు లాభమే. అందులో ఒకటో రెండో మాత్రమే కావాల్సిన సంస్థకు మాత్రం ఇడ్లీ అడిగితే ఫుల్ మీల్స్ టికెట్ కొనమన్నట్టుంది. 75,000 వర్చువల్ యంత్రాలు నడిపే అమెరికా టెలికం దిగ్గజం ఏటీ అండ్ టీ అంతటిదే ఏడాదిలో 1,050 శాతం పెంపు ప్రతిపాదించారంటూ 2024లో కోర్టుకెళ్లింది. నవంబర్‌లో ఇద్దరూ రాజీపడ్డారు. షరతులు బయటికి రాలేదు. దిగ్గజానికి లాయర్లున్నారు. వంద పడకల ఆసుపత్రికి, జిల్లా సహకార బ్యాంకుకు ఎవరున్నారు?

ప్రత్యామ్నాయాలు లేవా అంటే ఉన్నాయి. 2007లో లినక్స్‌లో భాగమైన కేవీఎం ఉచితం. వియన్నా నుంచి వచ్చే ప్రాక్స్‌మాక్స్ దాని మీదే నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ ఉంది. ధీరజ్ పాండే, మోహిత్ ఆరోన్, అజీత్ సింగ్ 2009లో స్థాపించిన న్యూటానిక్స్ ఉంది. అయితే ఓపెన్ సోర్స్ అనగానే చింత తీరినట్టు కాదు. ఎన్నో కంపెనీలు నమ్ముకున్న ఉచిత లినక్స్ సెంట్‌ఓఎస్ ఎనిమిదో వెర్షన్‌కు 2021 చివరికే ముగింపు పలుకుతామని రెడ్ హ్యాట్ 2020 డిసెంబర్‌లో ప్రకటించింది. వాడకందార్లకు దొరికిన వ్యవధి ఏడాది. తేడా ఒక్కటే. సోర్స్ కోడ్ బహిరంగంగా ఉండటంతో నెలల్లోనే ఇతరులు దానికి వారసులను తయారుచేయగలిగారు. మూసిన కోడ్‌కు ఆ అవకాశం లేదు.

మారడం మీట నొక్కినంత తేలిక కాదు. బ్యాకప్‌లు, నెట్‌వర్క్ అమరికలు, ఏళ్ల తరబడి సిబ్బంది రాసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములు అన్నీ పాత పొర అలవాట్లకు అతుక్కుని ఉంటాయి. ఇంజినీర్లున్న డచ్ ప్రభుత్వ సంస్థే రెండేళ్లు అడిగింది. ఆ రెండేళ్లే ఈ సంకెల బరువుకు తూకం.

బయటికి దారి

భారత్‌లో ఈ విషయంలో విధానాలు లేకపోలేదు. కేంద్రం 2015లో ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ ప్రాజెక్టుల్లో దాన్ని పరిశీలించాలని, వద్దనుకుంటే కారణం చెప్పాలని అందులో ఉంది. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో తెలపాలని 2022లో సెర్ట్-ఇన్ ఆదేశించింది. రిజర్వ్ బ్యాంకు 2023లో ఐటీ అవుట్‌సోర్సింగ్ మీద ఇచ్చిన ఆదేశాల్లో బ్యాంకులకు బయటపడే వ్యూహం ముందే ఉండాలని చెప్పింది. వినడానికి భేషుగ్గా ఉంది. కానీ లైసెన్సు మీదో చందా మీదో సాఫ్ట్‌వేర్ కొనడాన్ని అవుట్‌సోర్సింగ్‌గా పరిగణించబోమని అదే పత్రం అనుబంధం చెబుతోంది. అంటే ఐటీ అవుట్‌సోర్సింగ్ కాంట్రాక్టుకు నిష్క్రమణ ప్రణాళిక కావాలి. బ్యాంకు సర్వర్లన్నీ ఆధారపడిన పొరకు ఆ పత్రం ప్రకారం అక్కర్లేదు. చిల్లు ఉన్నది సరిగ్గా అక్కడే.

దాన్ని పూడ్చడానికి కొత్త చట్టాలేమీ అవసరం లేదు. ప్రజాసేవలు నడిపే ఏ సంస్థ అయినా టెండర్‌లోనే మూడు షరతులు రాసుకోవచ్చు. ఒప్పందం ముగిసినా నిర్ణీత కాలం పాటు భద్రతా మరమ్మతులు అందాలి. యాజమాన్యం మారినా ధర, షరతులు గడువు దాకా మారకూడదు. వేరేచోటికి వెళ్లేటప్పుడు సాయం చేయాలి. ఇవి హేగ్ కోర్టు నుంచి తెచ్చుకున్న వరాలు కానక్కర్లేదు, కొనే రోజున బేరమాడి పొందాల్సిన హక్కులు. సంతకం పెట్టక ముందు కొనుగోలుదారు రాజు, పెట్టాక అద్దెదారు.

ఉద్యోగార్థికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. మెనూలో ఏ బటన్ ఎక్కడుందో ఒక వెర్షన్‌తో పోతుంది. మెమరీని ఎలా పంచుతారు, నెట్‌వర్క్ ఎలా విడగొడతారు, డిస్క్ నెమ్మదిస్తే లోపం ఎక్కడ వెతకాలి అన్న విద్య ఏ కంపెనీ చేతులు మారినా పోదు. సర్టిఫికెట్ ఇంటర్వ్యూ గది తలుపు తెరుస్తుంది. లోపల కూర్చోబెట్టేది ఆ విద్యే. ఇంజినీరింగ్ కాలేజీలు ఉచితంగా దొరికే కేవీఎం మీద ఆ పునాది వేయిస్తే, అమీర్‌పేటకు వచ్చే కుర్రాడు ఒక కంపెనీ ముద్ర కోసం కాక పని కోసం నేర్చుకుంటాడు.

వరద వచ్చాక కట్ట కట్టలేమని డచ్ వాళ్లకు శతాబ్దాల కిందటే తెలుసు. సాఫ్ట్‌వేర్ విషయంలో అదే పాఠం వాళ్లు 2025లో కోర్టు హాల్లో మళ్లీ నేర్చుకున్నారు. ఫీజు వాళ్లు కట్టేశారు. పాఠం మాత్రం మిగతావాళ్లకు ఉచితం.